పల్లాలమ్మ పడవ ముంచిన ఏసంగి

పల్లాలమ్మ అని ఒకావిడుండేదండి, కాలవ మీద పడవ నడిపేది. మొగుడు పోతా పోతా ఆవిడకొదిలింది ఆ టేకు పడవొక్కటే. ఆవిడ సుక్కాని కాడ, తమ్ముడు సింహాద్రి గట్టు మీద తాడు లాగడం, అదీ ఆల్ల బతుకు. ఇక్కడ మీకో సంగతి సెప్పాలి, లేపోతే కత తెలవదు. ఏసంగొచ్చిందంటే సర్కారోల్లు కాలవ కట్టేస్తారు, పైన తలుపులు దించేస్తారు. రెండ్రోజుల్లో అడుగంతా బురదే. పడవ ఎండలో పడిందనుకో, బల్లలు బీటలిచ్చి ఇంకది పొయ్యిలోకే. అందుకని పడవోల్లేం జేస్తారంటే, కాలవకి తలుపులుండే లాకు కింద మడుగుంటది సూడండి, నిలువెత్తు నీల్లు ఎప్పుడూ ఉంటాయి, అందులోకి తోలి, అడుగున బిరడా పీకి, రాల్లెత్తి, పడవని ముంచేస్తారు. అవునండి, ముంచేస్తారు. నీల్లలో ఉన్న కర్ర సెడదు. మల్లీ కాలవొదిలేక రాల్లు తీసి, నీల్లు తోడి లేవదీస్తారు.

ఏమైందంటే, ఆ ఏడు అచ్యుతరాజుగారని ఒక పెద్ద భూకామందు, కాలవలో సల్లగా నాలుగ్రోజులు తిరిగొద్దామని ఈవిడ పడవ మాటాడుకున్నాడంట. సుక్కురారం కాలవ కట్టేస్తారు బాబూ, గురువారానికి తిరిగొచ్చేయాలని పల్లాలమ్మ ముందే సెప్పింది. వచ్చేద్దాం లేవే అన్నాడంట. పట్టెమంచం, పరుపు, గ్రామఫోను పెట్టె, ఒక వంటోడు, అన్నీ ఎక్కించేడు. ఇంక సూడండి ఆయన నిదానం. తాటితోపు కనపడితే ఆపు, ముంజెలు తింటాను. నీడ కనపడితే ఆపు, కునుకు తీస్తాను. లాకు గుమాస్తా కనపడితే పేకాట. సింహాద్రి బుజం తాడు కోసుకుపోయి ఎండలో నిలబడుంటే, ఈయన పాటెట్టుకుని కాల్లూపుతా కూకునేవోడంట. ఆపినప్పుడల్లా పల్లాలమ్మ ఇంకెన్ని రోజులున్నాయో సెప్పేది, ఆయన నవ్వేవోడు. నవ్వితే ఒల్లు మండదా మనిసికి? నాకైతే ఇప్పుడు సెపతంటేనే మండతంది. బుదారం పొద్దంతా కొంగల్ని సూత్తా కూకున్నాడండి, కొంగల్ని.

అద్దరేత్రే తలుపులు దించేసేరేమో, సుక్కురారం పొద్దున్నకి నీల్లు మూరెడు దిగిపోయేయి. అక్కా తమ్ముడూ ఇద్దరూ తాడుకి పడి లాగి, పడవ అడుగు బురదని రాసుకుంటా, మద్దేనానికి లాకు కింద మడుగులోకొచ్చి పడ్డారు. మిగతా పడవలన్నీ అప్పటికే మునిగున్నాయి. రాజుగారి ఊరు ఇంకా కోసెడు దూరం. దిగండి బాబూ, సామాను దించుకోండి, పడవ ముంచాలి అందంట పల్లాలమ్మ. ఆయన కదల్లేదు. ఈ ఎండలో నేన్నడవాలా, మా రేవుదాకా లాగండి అన్నాడు. ముందుకెల్తే బురదలో కూరుకుపోద్ది, రెండ్నెల్లు ఎండుద్ది, నా కూడు పోద్ది బాబూ అని రెండోసారి సెప్పింది. మూడోసారీ సెప్పింది. వంటోడు మట్టుకు తెలివైనోడు, గిన్నెలు సర్దుకుని దిగిపోయేడు. రాజుగారు మంచం మీద బాసింపట్టేసుకుని కూకుని,

"నన్నే బెదిరిస్తన్నావా? పడవోల్లెవరన్నా తమ పడవ తామే ముంచుకుంటారటే?" అన్నాడంట.

పుట్టిందగ్గర్నించీ పడవలెక్కినోడండి. ఏసంగిలో ఆ పడవలన్నీ ఏమౌతాయో ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

పల్లాలమ్మ కొంగు బిగించి, కాలికింద బల్లెత్తి, బిరడా పీకేసింది. నీల్లు బుడబుడమని పైకొస్తన్నాయి, తమ్ముడు గట్టు మీంచి రాల్లందిస్తన్నాడు, ఆవిడ పేరుస్తంది. పరుపు తడిసేదాకా నమ్మలేదంట ఆ మహానుబావుడు. నమ్మేక దూకేడు, పీకల్దాకా మునిగేడు. గట్టెక్కి, నిన్నీ కాలవ మీద తిరగనివ్వనని వణికిపోతా అరుస్తంటే, ఆవిడ నీల్లలోంచే తలెత్తి,

"నా పడవని నేను బతికించుకుంటన్నాను. మీరు మంచం కోసం ఏడవండి," అందంట.

జేష్టంలో కాలవొదిలేరు. పడవ లేచింది, ఒక్క బల్ల సెడలేదు. గ్రామఫోను మట్టుకు మరి పాడలేదు. ఆయన మనవలు ఇప్పటికీ ఉన్నారు, అడిగి సూడండి, పడవకి కన్నం పడి మునిగిందని సెపుతారు. కన్నమేటండి, టేకు పడవకి? బిరడా పీకింది మా నాయనమ్మ.