గోడ తీగ

కొరియాలోని బుసాన్ చేపల బజారులో దుకాణం నడిపే అక్క ఇంట్లో ఉంటూ, తమ్ముడు ఏడోసారి ప్రభుత్వోద్యోగ పరీక్షకు చదువుతున్నాడు. దరఖాస్తు గడువు ఇంకో గంటే ఉంది.

“వైఫై గీతలు నిండుగా ఉన్నాయక్కా, పేజీ మాత్రం తెరుచుకోవట్లేదు.”

“రౌటర్ ఆపి మళ్లీ వేశావా?”

“మూడుసార్లు. కంపెనీవాళ్లు రేపొస్తారట.”

“గడువు ఇవాళైతే రేపొచ్చి ఏం ఉద్ధరిస్తారు? ఏడేళ్ల చదువుకి ఇంతకుమించి తట్టలేదా? జరుగు! ఇదిగో, గోడలోంచి రౌటర్‌కి వచ్చే తీగ ఊడిపోయి ఉంది.”

“వదులై జారిందేమో.”

“తీగ చివరనున్న ఈ ప్లాస్టిక్ కొక్కెం నొక్కితేగానీ ఊడదురా ఇది. నువ్వే పీకావు కదూ?”

అతను తల వంచుకున్నాడు.

“పిరికి వెధవా! పరీక్ష రాయనని చెప్పడానికి నోరు లేదా?”

“నువ్వు పెట్టుకున్న ఆశ...”

“నా ఆశ సంగతి నేను చూసుకుంటా. రేపు తెల్లారకముందే లేచి దుకాణానికి రా. పొలుసు తీయడం నేర్పిస్తా.”

తీగ గుచ్చకుండానే ఆమె లేచింది.