చెల్లె పేరు

వడ్డేపల్లి దగ్గర విత్తన పత్తి చేలో తల్లి పువ్వులకు పుప్పొడి అద్దుతోంది. కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపుతో సొంతూరికే వచ్చిన పెద్దకూతురు కాగితాలు పట్టుకొని గట్టు మీద నిలబడింది.

"టోపీ పెడితే దొరసాని లెక్కున్నవ్ బిడ్డా."

"నవ్వకమ్మా. బడి మానిన పిల్లల పేర్లు రాయనీకి వచ్చిన."

"రాయి. గందుకే గదా ఎన్ఎస్ఎస్‌ల చేరుతనంటే పొమ్మన్న. నలుగురిల మాట్లాడ నేర్చినవ్."

"మొదలు చెల్లె పేరే రాయాలె."

తల్లి చెయ్యి ఆగింది. పక్క సాలులో పూలు అద్దుతున్న చిన్నది తలెత్తలేదు.

"నువ్వు కాలేజీల చేరినంక నీ సాలు దానికిచ్చిన."

"రేపట్నుంచి బడికి పంపుతవా?"

"ఈ పూట అద్దకుంటే పువ్వు రాలిపోతది. నాకున్నవి రెండే చేతులు."

"ఎందుకు మానిందో గూడ రాయమన్నరు. ఏం రాయాలె?"

"ఏమన్న రాయి. నీ పేరు మాత్రం రాయకు."