‘ఏమీ రాదు’ అని మళ్లీ రాయని కలం

1994 జూలై పదకొండవ తేదీన నాయుడుపేటలోని మన కార్మిక సంక్షేమ కార్యాలయంలో శ్రీమతి రెబెక్కమ్మ గారు గుమాస్తాగా చేరారు. కుర్చీలు చాలక తొలి వారమంతా పాత దరఖాస్తుల పెట్టె మీదనే ఆసీనులై విధులు నిర్వర్తించారని పెద్దలు నేటికీ నవ్వుతూ జ్ఞాపకం చేసుకుంటారు.

ఉప్పు మళ్లలో, రొయ్యల షెడ్లలో రెక్కల కష్టం మీద బతికే శ్రమజీవులకు పింఛను, బీమా, ఉపాధి శిక్షణ అందించడం కోసం ఆమె ఎక్కని బస్సు లేదు, నడవని ఇసుక దారి లేదు.

2003లో షెడ్డు మూతపడి ఉపాధి కోల్పోయిన మస్తానమ్మ గారు శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవడానికి మన కార్యాలయానికి వచ్చారు. ఏం పని వచ్చునని అడిగితే, “నాకేం వచ్చమ్మా, రొయ్యలు ఒలిచేది తప్ప!” అన్నారు. తొందరలో రెబెక్కమ్మ గారు దరఖాస్తులోని నైపుణ్యాల గడిలో ‘ఏమీ రాదు’ అని రాసేశారు. ఆ రెండు మాటల వల్లనే దరఖాస్తు తిరస్కరణకు గురైంది. మస్తానమ్మ గారింట ఆ ఏడాది పూట గడవడమే గగనమైంది.

సంగతి తెలిసి క్షమాపణ చెప్పబోతే, “నేను చెప్పిందే కదమ్మా నువ్వు రాసినావు,” అని ఆ తల్లే ఓదార్చారట. తిట్టినా బాగుండేదని రెబెక్కమ్మ గారు మాతో ఎన్నోసార్లు అన్నారు. మరుసటి ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే ఆ పల్లెకు వెళ్లి, మస్తానమ్మ గారి ముంగిట ఆమె పీట పక్కనే రెండో పీట వేసుకుని తానూ రొయ్యలు ఒలిచారు. పది ఒలిచేసరికి వేళ్లు చీరుకుపోయాయి. పక్కనే మస్తానమ్మ గారు కబుర్లు చెబుతూ, కన్నెత్తి చూడకుండానే పెద్దవీ, చిన్నవీ, మెత్తబడినవీ వేళ్లతోనే వేరుచేశారు. ఆ నేర్పునంతా కొత్త దరఖాస్తులో గడి చాలక కాగితం వెనుక కూడా రాసి, రెబెక్కమ్మ గారు ఆమెకు శిక్షణ కేంద్రంలో సీటు సాధించారు. నేడు మస్తానమ్మ గారు ఆ కేంద్రంలోనే శిక్షకురాలు.

అటుపిమ్మట ఒక్కొక్కరితో అరగంట కూర్చునే ఆమె పద్ధతికి మేమంతా విసుక్కున్నాం కూడా, దాచడమెందుకు! ఆ అరగంటలే మాకిప్పుడు గుర్తొస్తున్నాయి.

మన కార్యాలయ పత్రిక ఈ సంచిక కోసం రెబెక్కమ్మ గారికి వివరాల పత్రం పంపితే, ‘ప్రత్యేక నైపుణ్యాలు’ అన్నచోట ఆమె ‘ఏమీ లేవు’ అని రాసి పంపారు. అభినందన సభ పనుల మీద వచ్చిన మస్తానమ్మ గారికి అది చదివి వినిపించాం.

“కొట్టేయండయ్యా ఆ మాట! అడిగేది వచ్చు, అవతలి మనిషి చెప్పేదాకా కూర్చునేది వచ్చు అని రాయండి,” అన్నారామె. అలాగే అచ్చువేశాం.

ఈ జూన్ ముప్పయిన పదవీ విరమణ చేస్తున్న రెబెక్కమ్మ గారు, భర్త బెన్హర్ గారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. మస్తానమ్మ గారి ముంగిట ఆ రెండో పీట రెబెక్కమ్మ గారి కోసం ఎప్పుడూ వేసే ఉంటుందట.