బహుమతి వచ్చిన ఆపరేషన్

ఆ రోజు ఇంట్లో నలుగురే ఉన్నారు: ముందుగదిలో కాగితాలతో డాక్టరు, మేడమీద నాన్న చెల్లెలైన అత్త, సంతకానికి కలం కోసం లోపలికి వచ్చిన నాన్న, వంటింటి గుమ్మంలో పదిహేనేళ్ళ కూతురు.

"అత్త తలకి ఆపరేషనా నాన్నా?"

"చాటు నుంచి విన్నావా? భయం లేదమ్మా. ఈ ఆపరేషన్ కనిపెట్టినాయనకి ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి ఇచ్చారు. పేపర్లో పడింది."

"ఏం చేస్తారు?"

"మెదడు ముందుభాగంలో కొన్ని నరాలు తెంపుతారు. అరుపులు ఆగిపోతాయి."

"అరుపులొక్కటేనా ఆగేది? నిన్న నాకు లెక్కలు చెప్పింది. తప్పు చేస్తే, నీ తలకాయలో ఉన్నది మెదడా, మట్టా అని జడ లాగింది."

"మొన్న కిటికీ అద్దం పగలగొట్టింది. అది చెప్పవేం?"

"మంచినీళ్ళిస్తూ డాక్టరుగారిని అడిగాను."

"నువ్వా? కొత్తవాళ్ళ ముందు నోరు విప్పనిదానివి!"

"ఆపరేషనైన వాళ్ళు ఎలా ఉన్నారండీ అన్నాను. బుద్ధిగా కూర్చుంటారు, పెడితే తింటారు అన్నారు. లెక్కలు చెప్తారా అంటే, గ్లాసు పెట్టేసి కిటికీలోంచి బయటికి చూశారు."

"అంత పెద్ద బహుమతి ఊరికే ఇస్తారుటే?"

"ఎవరిచ్చారు నాన్నా? ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళా?"

నాన్న కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"పోనీ, అత్తని అడిగావా?"

"దాన్నేం అడుగుతాం?"

"నేను అడుగుతాను. ఒక్క పూట ఆగు నాన్నా."

"ఆగితే నాకు ధైర్యం చాలదు తల్లీ."

ఆయన ముందుగదిలోకి వెళ్ళాడు. కూతురు వెనకాలే వచ్చేలోపు తలుపు వేసి గడియ పెట్టాడు.