నాలుగు నిమిషాలు ఎక్కువ

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. పాల లారీ నడిపి రిటైరైన తండ్రి, ఊరి మంచినీళ్లు పరీక్షించే కూతురింటికి పేపరు పట్టుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? 'పోయిన వారం నీళ్లు బాగాలేవన్నది తప్పు, ఆ తప్పు నాదే' అని పేరు పెట్టి మరీ వేయించావా?"

"అవును నాన్నా. నీళ్లు బాగానే ఉన్నాయి, నేనే లెక్క తప్పాను. కూర్చో, మంచినీళ్లిస్తాను."

"సీసా నీళ్లే ఇవ్వు. నీ మాట విని వారమంతా ఊరు ఊరే నీళ్లు కాచుకుంది! పైపులు బాగుచేశామంటే సరిపోయేదిగా?"

"చేయలేదుగా."

"ఆ బుల్లి కాలేజీలో నాలుగేళ్లు నేర్పింది ఇదేనా?"

"ఇదే. క్లాసులో పదకొండు మందిమి. ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ పరీక్ష పేపర్లిచ్చి ఇంటికెళ్లిపోయేది. కాపలా ఉండదు, టైము మేమే చూసుకోవాలి. ఓసారి నాలుగు నిమిషాలు ఎక్కువ రాశాను. ఆ సంగతీ పేపరు మీదే రాసిచ్చాను."

"మెచ్చుకుందా?"

"మార్కులు కోసింది. ఆ ఆదివారం ఇంటికి పిలిచి సూప్ పోసింది. ఆ ఊసే ఎత్తలేదు."

"పొద్దున కాఫీ హోటల్లో అందరూ ఈ పేపరే చదువుతున్నారు."

"నవ్వారా?"

"పడీపడీ నవ్వారు. 'ఈ పిచ్చిది మీ అమ్మాయేనా?' అన్నాడు పక్క టేబుల్ దగ్గరి డ్వేన్. కాలరెగరేసి మరీ అవునన్నాను."

"మరి నన్నెందుకు తిట్టావ్?"

"ఇదంతా నీ నోటితో విందామని. ఆ సీసా లోపల పెట్టేయ్. పంపు తిప్పి ఓ గ్లాసు పట్టు."