రెండు తేదీలు అడిగే విశ్వనాథం గారికి

1993 అక్టోబరు 1వ తేదీన శ్రీ విశ్వనాథం గారు మాగ్డెబర్గ్‌లోని మా ప్రాచ్య భాషా చరిత్ర పరిశోధన సంస్థలో చీనా వ్యాకరణ విభాగానికి సహాయకులుగా చేరారు. ఈ మార్చి 31న అదే విభాగానికి అధ్యక్షులుగా పదవీ విరమణ చేస్తున్నారు. జర్మన్ భాషలో వెలువడుతున్న ఈ వీడ్కోలు సంచికలో ఒక్క వ్యాసమైనా తమ ఇంటి భాషలో ఉండాలని వారి సతీమణి సుభద్ర గారు కోరగా, సహోద్యోగినైన నేను, సదియా, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను స్వతహాగా కంగారు మనిషిని. వారి తర్వాత ఆ పదవిలో మరొకరు వస్తారో, విభాగమే మూతపడుతుందో ఇంకా తేలలేదు గనుక, ఆ కంగారు ఈ రాతలో దాగదు.

ఢిల్లీలో చీనా భాష నేర్చుకొని ఇక్కడికి వచ్చిన తొలినాళ్లలో, ఆ భాషకు వ్యాకరణమే లేదు, ఇక మారేదేముంది అని వారిని ఎగతాళి చేసినవారు ఉన్నారట. ‘పట్టుకొను’ అనే అర్థం గల ‘బా’ క్రియ శతాబ్దాల వాడుకలో చేతిపట్టు వదిలేసి, కర్మను క్రియకు ముందుకు తెచ్చే చిన్న మాటగా ఎలా మిగిలిందో, ‘ముగించు’ అనే క్రియ అరిగి అరిగి, పని అయిపోయిందని చెప్పే ‘లె’గా ఎలా మారిందో వారు ఓపికగా వివరించేవారు. ఇంజనీరింగు చదవడానికి ఈ ఊరు వచ్చిన మన పిల్లలు అడిగితే, “‘కాబట్టి’ అంటాం కదా, అందులో ‘పట్టు’ ఉంది. చేత్తో ఏం పట్టుకుంటున్నామర్రా?” అని నవ్వించేవారు.

వారి పరిశోధనకు ప్రాణం రెండు తేదీల నియమం. ఏ పాత వాక్యాన్ని ఉదహరించినా, గ్రంథం పుట్టిన తేదీ ఒకటి, మన చేతిలోని నకలు రాసిన తేదీ ఒకటి, రెండూ వేయవలసిందే. ఎందుకంటే నకలు రాసేవాడు తన కాలపు మాటతీరును తెలియకుండానే పాత వాక్యంలోకి చొప్పిస్తాడు. ఈ పట్టుదల కాగితాలకే పరిమితమైతే మేము బతికిపోయేవాళ్లం. ఒకసారి ఈద్ మర్నాడు నేను తెచ్చిన బిర్యానీ గిన్నె మూత తీసి, “వండిన తేదీ ఒకటి, వేడిచేసిన తేదీ ఒకటి. రెండూ చెబితేగానీ ముట్టనమ్మా” అన్నారు. “సార్, ముందు తినండి సార్, చల్లారిపోతది! తేదీలు తర్వాత చెప్తా” అన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నారు, తేదీల ఊసే ఎత్తలేదు.

2001లో వచ్చిన వారి వ్యాసం మా సంస్థకే పేరు తెచ్చింది. ‘బా’ కొత్త వాడుక అంతవరకు అనుకున్నదానికంటే చాలా ముందే ఉందని, ఒక పాత కథా ప్రతిలోని వాక్యం ఆధారంగా అందులో నిరూపించారు. విభాగాన్ని కొనసాగించమని నిధులిచ్చే సంఘానికి పెట్టుకున్న దరఖాస్తులోనూ ఆ వాక్యమే మొదటి పుటలో ఉంది. సంఘం సభ్యులు పోయిన నవంబరులో పరిశీలనకు వస్తామన్నారు. సరిగ్గా ఆ ముందు వారమే అదే కథకు మరింత పాత ప్రతి ఫొటోలు మాకు అందాయి. విశ్వనాథం గారు వాటిని చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. పాత ప్రతిలోని ఆ వాక్యంలో ‘బా’ లేదు. తర్వాతివాడెవడో నకలు రాస్తూ ‘బా’ చేర్చి, ప్రతి చివర ఉన్న పాత నకలు తేదీని కూడా ఉన్నదున్నట్టు నకలు చేసేశాడు. ఆ తేదీనే వీరు ఇన్నేళ్లూ నమ్మారు.

నేను దరఖాస్తు మొదటి పుట తీసి మళ్లీ చూశాను. పాత ప్రతులను కంప్యూటరులోకి ఎక్కించే మా రవికిరణ్ మెల్లగా అన్నాడు: “సార్, కమిటీ వచ్చిపోయే టెర్మిన్ అయిపోనియ్యండి. వాళ్లు పోయినంక చెప్దాం. ఇప్పుడెవ్వరు అడుగుతున్నరు?”

“అప్పుడు దీనికీ రెండు తేదీలుంటాయి నాయనా,” అన్నారు వారు. “మనకు తెలిసిన తేదీ ఒకటి, మనం చెప్పిన తేదీ ఒకటి. ఆ మధ్య రోజులకు ఏమని జవాబు చెప్పమంటావు?”

పరిశీలన రోజున అన్నిటికంటే ముందు ఆ రెండు ప్రతుల ఫొటోలనే తెరమీద పెట్టించి, తన పాతికేళ్ల నాటి నిర్ణయం తప్పని తానే చెప్పారు. సభ్యులలో పెద్దావిడ అడిగారు: “అయితే ఆ వాడుక ఎప్పుడు మొదలైనట్టు?” “నాకు తెలియదండీ,” అన్నారు విశ్వనాథం గారు. “తెలుసుకోవడానికి నా తర్వాత ఇక్కడ ఒక మనిషి ఉండాలి.” ఆవిడ ఏదో రాసుకున్నారు. అది మా మంచికో చెడ్డకో నేటికీ తెలియదు. ఈమెయిల్ వచ్చినట్టు ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి చూస్తున్నాను.

శుభవార్త వస్తే చేర్చడానికి ఇక్కడ కొంత చోటు ఖాళీగా ఉంచుదామని వారిని అడిగాను. “ఖాళీ ఎందుకమ్మా? ఇంకా తెలియదని రాయి. కింద తేదీ వెయ్యి” అన్నారు. వారి మాట ప్రకారమే రాస్తున్నాను: 2026 మార్చి 12 నాటికి మా విభాగం భవిష్యత్తు మాకు తెలియదు. ఈ సంచిక మీ చేతికి వచ్చే తేదీకైనా తెలియాలని నా ప్రార్థన.

విశ్వనాథం గారూ, సుభద్ర గారి సాహచర్యంలో మీరు నిండు ఆరోగ్యంతో, తీరికగా, మీకిష్టమైన పాత ప్రతుల మధ్య కలకాలం ఉండాలి. అన్నింటికీ రెండు తేదీలు వేయమని మాకు నేర్పారు, వేస్తాం. మీ పేరు పక్కన మాత్రం చాలా చాలా ఏళ్లు ఒక్క తేదీయే ఉండుగాక!