గట్టిమేళంలో దించిన సన్నాయి

అలీ సాహెబ్ ఇంటి వసారా. ఎదురుగా కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. సన్నాయి అలీ సాహెబుది, పక్కన కూర్చున్న ఆదెయ్యది డోలు. గుంటూరు నుంచి పత్రికమ్మాయి అన్విత వచ్చి కూర్చుంది.

"ద్రోహి అనే రాయమ్మా. అక్షరం మార్చొద్దు."

"సొంత తమ్ముడి గురించి అలా రాస్తే బాగుండదేమో, సాహెబుగారూ."

"ఏంటీ?"

"తమ్ముడి మీద అట్టా రాస్తే బాగుండదంటోంది, సాయిబూ!"

"అరవమాకరా ఆదెయ్యా. బతుకంతా నీ డోలు పక్కన కూర్చున్నా, చెవి కాస్త మందం, అంతే. బాగుండనిది నేను చెప్పటమా, వాడు చెయ్యటమా? ఇంతకీ నువ్వు ఇంకెవరెవరి గురించి రాశావమ్మా?"

"పిడుగురాళ్లలో ర్యాప్ పాడే కుర్రాళ్ల గురించి రాశానండీ! పోయిన వారం పొన్నూరు బ్యాండు గురించి!"

"పొన్నూరు బ్యాండా? వాడు చేరింది అందులోనేగా!"

"అవునండీ. ఇమాం హుస్సేన్ గారు అక్కడ క్లారినెట్టు వాయిస్తున్నారు."

"క్లారినెట్టు! డీజే బండి ముందు, నెత్తిన టోపీ పెట్టుకుని! మా నాన్న దగ్గర సన్నాయి పట్టినోడు!"

"సాయిబూ, టీ చల్లారిపోద్ది. తాగు."

"నువ్వు మాట మార్చకు. అమ్మా, గట్టిమేళం అంటే తెలుసా నీకు?"

"తాళి కట్టేటప్పుడు వాయించేది."

"తుమ్ము వినపడకూడదని, చెడ్డ మాట చెవిన పడకూడదని అంత గట్టిగా వాయిస్తాం. ప్రాణం పోతున్నా సన్నాయి నోట్లోంచి దించకూడదు. నల్లపాడు పెళ్లిలో పెళ్లికొడుకు తాళి చేతికి తీసుకున్నాడు, వీడు సన్నాయి దించాడు. పందిట్లో జనమంతా చూస్తుండగా! పాలపళ్ల నాటి నుంచి నా జంట!"

"ఎందుకు దించారని అడగలేదా?"

"అడిగా. నోరు విప్పితేగా! శ్రుతిపెట్టె స్విచ్చి కట్టేసి, చంకన పెట్టుకుని పందిరి దిగిపోయాడు. ఆ పెట్టె మోత పట్టుకునేగా మేం ఊదేది! అది కూడా నాకు మిగల్చలేదు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది, ఒక్కణ్ణే ఊదుతున్నా. ఎవడన్నా వంక పెట్టాడా? నువ్వు చెప్పరా."

"ఎవడూ పెట్టలా."

"చూశావా? పెట్టెతో నాకేం పనమ్మా? సన్నాయి నా దవడ ఎముకలో మోగుద్ది. అదీ రాయి."

"మరి ఇంకో జతగాణ్ణి ఎందుకు పెట్టుకోలేదండీ?"

"ఒకడొచ్చాడు, మంచివాడే. ఈ ఆదెయ్యే వద్దని పంపేశాడు."

"ఆదెయ్యగారా?"

"ఒంటి సన్నాయే బాగుందిలే అమ్మా. ఆ సంగతి వదిలేసి ఫొటో తీసుకో. వెనకాల మిరపకాయలు ఎర్రగా పడతాయి."

"ఇమాం గారూ ఇదే అన్నారండీ. అన్న పక్కన ఎవరినీ ఊదనివ్వొద్దు, శ్రుతి పెట్టనివ్వొద్దు అని."

"ఏంటీ?"

"ఏం లేదు, సాయిబూ!"

"ఏం లేదా? శ్రుతి అన్నది, పెదాలు చూశా. పెట్టొద్దన్నాడా వాడు? అన్నకి శ్రుతి కూడా దక్కకూడదా? నేనేం తక్కువ చేశానురా వాడికి? చేప వండితే తలకాయ ముక్క వాడి కంచంలోనే వేశానుగా!"

"వేశావు. నేనూ చూశా."

"అమ్మా, నీ ఫోన్లో శ్రుతి ఉంటదంటగా? మా మనవరాలు షాహిస్తా చెప్పింది. పెట్టు. ఇప్పుడే ఊదుతా. తీసుకెళ్లి వాడి చెవిలో మోగించు."

"వద్దమ్మా. ఎండ ముదిరింది. ఇంకోరోజు..."

"ఏరా, నువ్వూ వాడి పక్షమేనా?"

"నీ పక్షమే, సాయిబూ. అందుకే వద్దంటున్నా."

"నోర్ముయ్. పెట్టమ్మా, నా సన్నాయిది రెండు శ్రుతి."

"ఆదెయ్యగారూ, నా చెయ్యి వదలండి."

"ఒంటిగా ఊదితే శ్రుతి తప్పినా ఎవరికీ తెలియదమ్మా. పక్కన ఇంకోటి మోగితేనే తెలిసిపోద్ది. కాస్త అర్థం చేసుకో తల్లీ."

"ఏంట్రా అమ్మాయి చెవిలో గొణుగుడు? పెట్టమ్మా, సన్నాయి పీక తడిపి కూర్చున్నా."

"ఆయన అడుగుతున్నారు, ఆదెయ్యగారూ. నేనేం చెప్పను?"

"నీ ఇష్టం తల్లీ. నా వల్ల కాదు."

"పెట్టమంటుంటే!"

"పెట్టానండీ!"

"సౌండు పెంచు."

"పెంచానండీ! ఇంక పెరగదు!"

"ఏదీ, మోగదే? పాడైందా నీ ఫోను? ఒరేయ్ ఆదెయ్యా, కళ్లంలో కూలోళ్లు పని ఆపి ఇటు చూస్తున్నారెందుకురా?"

"మోగుతోంది, సాయిబూ."

"ఏంటీ?"

"మోగుతోంది!"

"మోగుతోందా... మరి నల్లపాడులో, తమ్ముడు పెట్టె కట్టెయ్యక ముందు... ఆదెయ్యా, నేనేం ఊదానురా?"